బేస్‌బాల్ చూడబోయే ముందు



మనలో చాలామందికి ఇవాళ అమెరికా పొరుగూరు లాంటిదైపోయింది. కొడుకో, కూతురో, తమ్ముడో, మరిదో అక్కడ వుంటారు. పురిటికనో, గృహప్రవేశానికనో మనం వెళ్తాం. వెళ్ళిన పదిహేను రోజులకో నెలకో, ఒక శనివారం పూట వాళ్ళు “పదండి, ఇవాళ బేస్‌బాల్ చూపిస్తాం” అంటారు. మనం చక్కగా చీర మార్చుకుని బయలుదేరతాం. అక్కడికి వెళ్ళాక దాదాపు మూడు గంటలసేపు ఏం జరుగుతోందో తెలియక దిక్కులు చూస్తూ కూచుంటాం. ఆ మూడు గంటల గురించే ఇవాళ మీతో నాలుగు మాటలు చెబుతాను.

ముందు నా నిర్వాకం చెప్పి తరువాత ఆట సంగతికి వస్తాను. 2024 వేసవిలో టెక్సస్‌లో మా తమ్ముడింటికి వెళ్ళాను. డాలస్ పక్కన ఇర్వింగ్ అనే ఊరు. మన తెలుగువాళ్ళు బాగా వున్న ఊరే. అక్కడికి దగ్గర్లో ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ అనే జట్టు వుంది. 2023లో వాళ్ళు మొట్టమొదటిసారిగా వరల్డ్ సిరీస్ గెలిచారు. ఇక మా మేనల్లుడికి, వాడికి పదకొండేళ్ళు, రేంజర్స్ అంటే ప్రాణం. టోపీ వాళ్ళదే, చొక్కా వాళ్ళదే. అత్తయ్యకి తన జట్టుని చూపించాలని వాడే పట్టుబట్టి తీసుకువెళ్ళాడు.

అక్కడ నేను చేసినవి రెండే పనులు. రేంజర్స్ ఆటగాడు బంతిని ఆకాశమంత ఎత్తు లేపితే సంబరపడిపోయి చప్పట్లు కొట్టాను. అవతలివాడు దాన్ని పట్టుకున్నాడు, మనవాడు ఔటయ్యాడు, చుట్టూ వున్నవాళ్ళంతా ఉసూరుమన్నారు. నా చప్పట్లు మాత్రం ఇంకా ఆగలేదు. కాసేపటికి మరొకడు బంతిని కొట్టనే లేదు, బ్యాటు కింద పడేసి మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోతున్నాడు. “ఏమిట్రా, అలిగి వెళ్ళిపోతున్నాడా?” అని పైకే అడిగేశాను. మావాడు బదులు చెప్పలేదు. టోపీ కిందికి లాక్కున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో “నచ్చిందా అత్తయ్యా?” అని అడిగాడు. “చాలా బాగుందిరా” అన్నాను. “ఏది నచ్చింది?” అన్నాడు. ఏం చెప్పను? “లైట్లు” అన్నాను. వాడు ఇంకేమీ అనకుండా కిటికీ వైపు తిరిగి కూచున్నాడు. తనకి ఎంతో ఇష్టమైనదాన్ని చూపించటానికి మనని తీసుకువెళ్ళిన పసివాడికి మనం ఇచ్చే జవాబు అదా? ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే కాగితం, పెన్సిలు వాడి ముందు పెట్టి “నాకు నేర్పు” అన్నాను. వాడు నేర్పిందే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మీకు అష్టాచెమ్మా తెలుసు కదా? గవ్వలు వేసి కాయ నడిపిస్తాం. కాయ బయలుదేరి చుట్టూ తిరిగి, దారిలో చావకుండా లోపలికి చేరితే ‘పండింది’ అంటాం. బేస్‌బాల్ సరిగ్గా అలాంటి ఆటే. ఇక్కడ కాయలు మనుషులు, గవ్వలకు బదులు బంతీ బ్యాటూ. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే సగం ఆట వచ్చేసినట్టే.

మైదానంలో పేకముక్కల డైమన్ గుర్తు లాంటి ఆకారం కనిపిస్తుంది. దానికి నాలుగు మూలలు. మొదటి మూల ‘హోమ్ ప్లేటు’, అంటే ఇల్లు. బ్యాటు పట్టినవాడు నిలబడేది అక్కడ. అక్కడినుంచి వాడి కుడివైపున ఫస్ట్ బేస్, ఎదురుగా దూరంగా సెకండ్ బేస్, ఎడమవైపున థర్డ్ బేస్. ఒక్కొక్క మూలకీ మధ్య 90 అడుగుల దూరం. ఈ బేసులు తెల్లగా, చదరంగా, చిన్న దిండుల్లా వుంటాయి. ఇంట్లో బయలుదేరినవాడు ఫస్ట్, సెకండ్, థర్డ్ తిరిగి మళ్ళీ ఇంటికి చేరితే ఒక పరుగు. మనం గుళ్ళో ప్రదక్షిణం చేసే దిక్కుకి ఇది ఎదురు దిక్కు. ఒకే దెబ్బకి చుట్టి రానక్కర్లేదు. మధ్యలో బేసు మీద ఆగవచ్చు. బేసుని తాకి వున్నంతవరకూ వాడు మామూలుగా భద్రమే, అష్టాచెమ్మాలో గుణకారపు గుర్తు గడిలో వున్న కాయలాగా. తరువాతివాడు బంతిని కొట్టినప్పుడు అక్కడినుంచి ముందుకు వెళ్ళవచ్చు. కాని ఒక బేసు మీద ఒక్కడే వుండాలి.

ఒక్కొక్క జట్టులో మైదానంలో వుండేది తొమ్మిదిమంది. బంతి విసిరేవాడు పిచ్చర్. ఇంటినుంచి 60 అడుగుల 6 అంగుళాల దూరంలో మట్టిదిబ్బ మీద నిలబడతాడు. బ్యాటు పట్టినవాడి వెనక ముసుగు వేసుకుని గొంతుక్కూచుని బంతి పట్టుకునేవాడు క్యాచర్. మూడు బేసుల దగ్గర ముగ్గురు, సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య షార్ట్‌స్టాప్ అని ఒకడు, దూరంగా పచ్చిక మీద ముగ్గురు. క్రికెట్ చూసిన కళ్ళకి రెండు తేడాలు కనిపిస్తాయి. ఇక్కడ బంతిని నేలమీద పడనివ్వకుండా నేరుగా విసురుతారు. రెండోది, బంతిని నాలుగువైపులా కొట్టటానికి వీల్లేదు. ఇంటినుంచి ఫస్ట్ బేస్ మీదుగా, థర్డ్ బేస్ మీదుగా రెండు తెల్లగీతలు సాగివుంటాయి. ఆ రెండు గీతల మధ్యనే కొట్టాలి. అవతల పడితే ‘ఫౌల్’, దానికి పరుగు లేదు.

ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్. ఒక్కొక్క ఇన్నింగ్స్‌లో ముందు వచ్చిన జట్టు, తరువాత ఊరి జట్టు బ్యాటు పడతాయి. అతిథికి ముందు వడ్డించినట్టన్నమాట. క్రికెట్‌లోలాగా పదిమంది ఔట్ కానక్కర్లేదు, ముగ్గురు ఔటైతే చాలు, జట్లు మారిపోతాయి. తొమ్మిదిమంది వరస ముందే నిర్ణయమై వుంటుంది. ఔటైనవాడు కూడా తన వంతు తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ వస్తాడు. పిచ్చర్‌కి బదులు బ్యాటు పట్టటానికి వేరే మనిషిని పెట్టుకునే పద్ధతి అమెరికన్ లీగులో 1973లో మొదలై, 2022 నుంచి రెండు లీగుల్లోనూ వచ్చింది. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి రెండు జట్లూ సమానంగా వుంటే పదో ఇన్నింగ్స్, పదకొండో ఇన్నింగ్స్ అలా సాగుతుంది.

ఇప్పుడు అసలు కీలకం. మనం బంతి ఎక్కడికి పోయిందా అని మైదానమంతా వెతుకుతాం. అది పొరపాటు. కొత్తగా చూసేవాళ్ళు చూడవలసింది ఇద్దరినే, పిచ్చర్‌నీ, బ్యాటు పట్టినవాణ్ణీ. లెక్కపెట్టవలసింది మూడే: బాల్స్, స్ట్రైకులు, ఔట్లు.

ఇంటి పలక వెడల్పు 17 అంగుళాలు. ఆ వెడల్పులో, బ్యాటు పట్టినవాడి మోకాలి కింద మొదలుపెట్టి భుజాలకూ నడుముకూ సగం ఎత్తువరకూ, ఒక కిటికీ వుందనుకోండి. బంతి ఆ కిటికీలోంచి పోయినా కొట్టకపోతే స్ట్రైకు. బంతి ఎక్కడ పోయినా సరే, బ్యాటు విసిరి తగలకపోతే స్ట్రైకు. ఫౌల్ కొట్టినా స్ట్రైకే. కాని మామూలుగా ఫౌల్‌ని మూడో స్ట్రైకుగా లెక్కించరు, అందుకే కొందరు ఫౌల్ మీద ఫౌల్ కొడుతూ నిలబడతారు. మూడు స్ట్రైకులైతే ఔట్. పిచ్చర్ విసిరిన బంతి కిటికీ బయటినుంచి పోయి, ఇతను బ్యాటు విసరకుండా ఓపిక పడితే దాన్ని ‘బాల్’ అంటారు. నాలుగు బాల్స్ అయితే బ్యాటు కింద పెట్టి ఫస్ట్ బేస్‌కి దర్జాగా నడిచి వెళ్ళవచ్చు. నేను అలిగి వెళ్ళిపోతున్నాడనుకున్న పెద్దమనిషి చేసింది అదే! దాన్ని ‘వాక్’ అంటారు. కొట్టటం ఎంత విద్యో, కొట్టకుండా వుండటం అంత విద్య.

బోర్డు మీద 2-1 అని వుంటే రెండు బాల్స్, ఒక స్ట్రైకు అని అర్థం. బాల్స్ లెక్క ముందు. 3-2 అయితే ‘ఫుల్ కౌంట్’. మామూలుగా తరువాతి బంతితో ఏదో ఒకటి తేలిపోతుంది. మీ పక్కవాళ్ళు మాట్లాడటం ఆపేస్తే అది ఫుల్ కౌంటేమో చూసుకోండి. బంతి గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, ఇల్లు చేరటానికి అర సెకను కూడా పట్టదు. కొట్టాలా, వదలాలా అన్నది అంతలో తేల్చుకోవాలి.

ఇక ఔటయ్యే తీరులు. మూడు స్ట్రైకులు చెప్పుకున్నాం. గాలిలో లేచిన బంతిని నేల తాకకుండా పడితే ఔట్, ఫౌల్ బంతిని పట్టినా ఔటే. నేలమీద దొర్లిన బంతిని ఎవరైనా ఎత్తి ఫస్ట్ బేస్‌కి విసిరి, అక్కడివాడు బేసుని తొక్కి అందుకుంటే, కొట్టినవాడు అప్పటికి అక్కడికి చేరకపోతే ఔట్. బేసు వదిలి పరిగెత్తేవాణ్ణి బంతి వున్న చేత్తో తాకితే ఔట్. మరొక చిన్న చిక్కు వుంది. ఫస్ట్ బేస్ మీద ఒకడున్నాడు. వెనక ఇంకొకడు కొట్టి పరిగెత్తుకొస్తున్నాడు. బస్సులో కండక్టరు “ముందుకు జరగండి” అన్నట్టు, ముందున్నవాడు చోటు ఖాళీ చేసి కదలవలసిందే. అలాంటప్పుడు వాణ్ణి తాకనక్కర్లేదు, వాడు వెళ్ళవలసిన బేసుని బంతితో తొక్కితే చాలు. ఒకే బంతికి ఇద్దరూ ఔట్ కావటం, ‘డబుల్ ప్లే’, ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

బంతి రెండు గీతల మధ్యగా లేచి నేలను తాకకుండా అవతలి గోడ దాటిపోతే హోమ్ రన్. కొట్టినవాడూ, బేసుల మీద వున్నవాళ్ళూ అంతా ఇంటికి వచ్చేస్తారు. మూడు బేసులూ నిండివుంటే ఒక్క దెబ్బకి నాలుగు కాయలు పండినట్టే.

స్కోరుబోర్డు చివర మూడు గళ్ళుంటాయి. మొదటిది పరుగులు, రెండోది హిట్లు, మూడోది ఎర్రర్లు, అంటే ఫీల్డింగులో చేసిన తప్పులు. సులువుగా అందవలసిన బంతిని జారవిడిస్తే ఆ తప్పుని లెక్కకట్టి అందరికీ కనిపించేలా రాస్తారు. ఆట మొత్తాన్ని ఇలా గళ్ళపట్టీలో పొందుపరిచే పద్ధతికి పేరు తెచ్చినవాడు హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండులో పుట్టి, అమెరికా చేరి, పత్రికలకు క్రికెట్ వార్తలు రాసినవాడు. తప్పుల పట్టిక చూసి మా మేనల్లుణ్ణి “పాపం, ఇలా వేలెత్తి చూపించాలా?” అన్నాను. వాడు నవ్వి, బ్యాటు పట్టేవాళ్ళ లెక్క చెప్పాడు. పది ప్రయత్నాల్లో మూడుసార్లు హిట్ కొట్టగలిగినవాణ్ణి గొప్ప ఆటగాడంటారట. ఏడుసార్లు తప్పినా గొప్పవాడే! 1941లో టెడ్ విలియమ్స్ పదింటికి నాలుగుకు కాస్త పైన, .406, సాధించాడు. ఆ తరువాత అమెరికన్, నేషనల్ లీగుల్లో సీజను మొత్తం మీద ఎవరూ నాలుగు అందుకోలేదు. సరిగా పొంగని పూరీలను లెక్కపెట్టుకుని బాధపడే మనకి ఈ లెక్క కాస్త ఊరటే.

ఒక జట్టుకి సీజనులో మామూలుగా 162 ఆటలు. మార్చి చివర మొదలై సెప్టెంబరు చివరివరకూ, ఇంచుమించు రోజూ ఆటే. మొత్తం 30 జట్లు. 1876లో పుట్టిన నేషనల్ లీగులో 15, 1901లో పెద్ద లీగుగా నిలిచిన అమెరికన్ లీగులో 15. అక్టోబరులో ఈ రెండిటి విజేతలూ తలపడేది వరల్డ్ సిరీస్, ముందు నాలుగు ఆటలు గెలిచినవారిది కప్పు. ఇన్ని ఆటలు కాబట్టే ఒకరోజు ఓడితే ఎవరూ అన్నం మానరు. రేపు మళ్ళీ వుంది.

“మరీ సాగదీస్తారు” అని పూర్వం ఈ ఆట మీద ఒక నింద వుండేది. నిజమే. అందుకే 2023లో పిచ్చర్‌కి గడియారం పెట్టారు. బేసులు ఖాళీగా వుంటే 15 సెకన్లలోపల బంతి విసరటం మొదలుపెట్టాలి, మనుషులుంటే 20 సెకన్లు. 2024లో ఆ 20ని 18 చేశారు. 2022లో సగటున మూడు గంటల నాలుగు నిమిషాలు పట్టిన ఆట 2023లో రెండు గంటల నలభై నిమిషాలకి దిగింది. రాత్రి వంటకి ఇబ్బంది లేదు!

ఇక వెళ్ళేటప్పుడు గుర్తుంచుకోవలసినవి. ఆర్లింగ్టన్ స్టేడియానికి మూసుకునే పైకప్పు వుంది. బయట బెజవాడ ఎండైనా లోపల ఏ.సి. చలి, ఒక శాలువా దగ్గర వుంచుకోండి. హాట్‌డాగ్ అని అమ్మేదానిలో సాధారణంగా గొడ్డుమాంసమో పందిమాంసమో వుంటుంది. తిననివాళ్ళు అడిగి తీసుకోవటం మంచిది. వేయించిన వేరుశనక్కాయలు ఎలాగూ వుంటాయి. ఇంటి పలక వెనకా, ఇరుపక్కలా వలలు కట్టివుంటాయి. వల లేని చోట కూచుంటే మాత్రం బంతి మీదనుంచి చూపు తిప్పకండి, ఫౌల్ బంతి వేగంగా వచ్చి తగులుతుంది. జనంలో పడిన బంతి పట్టుకున్నవాళ్ళదే. పిల్లలు తోలు గ్లవుజులు తెచ్చుకునేది అందుకే.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒళ్ళు విరుచుకుని ఒక పాట పాడతారు. ‘టేక్ మీ ఔట్ టు ద బాల్ గేమ్’ అనే ఆ పాట 1908 నాటిది, జాక్ నార్వర్త్ రాశాడు. అందరూ పాడేది పల్లవి ఒక్కటే కాబట్టి చాలామందికి తెలియదు కాని, ఆ పాటలో మాట్లాడేది ఒక అమ్మాయి. కేటీ కేసీ ఆమె పేరు. ప్రియుడు వచ్చి వేరే వినోదానికి పిలిస్తే, అదేమీ వద్దు, బేస్‌బాల్‌కి తీసుకెళ్ళమంటుంది. కాబట్టి ఇది మగవాళ్ళ ఆట, మనకెందుకు అనుకోవద్దు. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్ళు సైన్యానికి వెళ్తున్న రోజుల్లో, 1943లో, ఆడవాళ్ళకి ఒక వృత్తి లీగు మొదలైంది. 1954 వరకూ నడిచిన ఆ లీగులో 600 మందికి పైగా స్త్రీలు, పొట్టి గౌన్లలోనే జారి పడుతూ, మోకాళ్ళు చీరుకుంటూ ఆడారు. 2025 ఆగస్టు 9న అట్లాంటాలో జెన్ పావల్ అనే ఆమె, మేజర్ లీగ్ సీజను ఆటలో అంపైరుగా నిలిచిన మొదటి స్త్రీ అయింది.

ఇంతా నేర్చుకుని, తిరుగు ప్రయాణానికి వారం ముందు మళ్ళీ వెళ్ళాం. నేనే అడిగి వెళ్ళాను. మొదట్లో మావాడు నాకు అన్నీ చెబుతూనే వున్నాడు. మూడో ఇన్నింగ్స్ దగ్గర నేను “రెండు ఔట్లయ్యాయి, జాగ్రత్త” అనేసరికి చెప్పటం మానేసి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రేంజర్స్ బ్యాటు పట్టారు. రెండు ఔట్లు. మూడు బేసుల మీదా మనవాళ్ళే. బోర్డు మీద 3-2. మావాడికంటే ముందు నేనే లేచి నిలబడ్డాను. బంతి వచ్చింది. కిటికీకి జానెడు బయటినుంచి పోయింది. మనవాడు బ్యాటు కదపలేదు.

నాలుగో బాల్! అతను ఫస్ట్ బేస్‌కి నడిచాడు. ఫస్ట్ మీదివాడు సెకండ్‌కి, సెకండ్ మీదివాడు థర్డ్‌కి, అందరూ ముందుకు జరిగారు. థర్డ్ మీదివాడు ఇంటికి నడిచి వచ్చాడు. బ్యాటుకి బంతి తగలకుండానే పరుగు!

“పండిందిరా!” అని అరిచాను, తెలుగులోనే. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మావాడు టోపీ కిందికి లాక్కోలేదు. టోపీ తీసి గాలిలో ఊపుతూ “పండింది, పండింది” అని వాడూ అరిచాడు.

మీరు వెళ్ళేటప్పుడు ఆటంతా నేర్చుకుని వెళ్ళక్కర్లేదు. నాలుగు బాల్స్, మూడు స్ట్రైకులు, మూడు ఔట్లు, ఇవి లెక్కపెట్టటం వస్తే చాలు. మిగతాది పక్కన కూచున్న పిల్లల్ని అడగండి. మనకి నేర్పటమంటే వాళ్ళకి చెప్పలేనంత సరదా.